లింకు డాక్యుమెంట్లు చూశారు సరే, అమ్మేవాడిని అడిగారా?

తిరుపతిలో పాత ఇల్లు కొనేవాళ్ళు అడ్వాన్స్ ఇచ్చేముందు చేసే పనులు కాస్త అటూ ఇటూగా అందరివీ ఒకటే. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే పత్రం) తీయిస్తారు. లింకు డాక్యుమెంట్ల (ఇల్లు ఇంతకు ముందు చేతులు మారిన పాత దస్తావేజుల) జిరాక్సులు తెలిసిన లాయరు ముందు పెడతారు. వాస్తు చూసే ఆయన్ను తీసుకొచ్చి ఈశాన్యం మూల నిలబెడతారు (ఆయనకిచ్చే టైములో సగమైనా సర్వేయరుకు ఇచ్చినవాళ్ళను నేను అరుదుగా చూశాను). బ్యాంకు లోను శాంక్షన్ అయిందంటే ఇక టెన్షన్ లేదనుకుంటారు. ఈ హడావుడి మొత్తంలో ఒక్క మనిషిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఏ గోడకు చెమ్మ దిగుతుందో, ఏ చెల్లెలు వాటా కోసం లాయరు నోటీసు పంపిందో, పక్కింటాయనతో ప్రహరీ తగాదా ఎక్కడిదాకా వచ్చిందో అన్నీ తెలిసిన మనిషి ఆయన. ఇల్లు అమ్ముతున్నవాడు. ఆయనతో మనం మాట్లాడేదల్లా ధర, రిజిస్ట్రేషన్ తేదీ, బ్లాక్ ఎంత వైట్ ఎంత అన్నదే.

బ్యాంకులో ఇళ్ళ లోన్ల సీటులో చాలా కాలం పనిచేసి రిటైరయ్యాను. కట్టలు కట్టలుగా దస్తావేజులు నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఆ అనుభవంతో చెప్తున్నాను, వినేవాళ్ళు వినండి, తిట్టేవాళ్ళు తిట్టండి: మన ఊళ్ళో ఇల్లు కొనేవాళ్ళు ఎవరూ అడగని కాగితం ఒకటుంది, ముందుగా అడగాల్సింది అదే. తన ఇంటి గురించి, ఆ ఇంటి మీద తన హక్కు గురించి తనకు తెలిసిన సంగతులన్నీ అమ్మేవాడు రాసి సంతకం పెట్టి ఇచ్చే కాగితం. అడ్వాన్స్ చేతులు మారకముందే.

2021 నవంబరు వాన ఈ ఊళ్ళో ఎవరికీ మరపు రాలేదు. స్వర్ణముఖి పొంగింది, తిరుమల ఘాట్ రోడ్లు దెబ్బతిన్నాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంటి దగ్గర భూమిలో దించిన సిమెంటు రింగుల నీళ్ళతొట్టి నేలను చీల్చుకుని పైకి లేస్తే జనం వెళ్ళి చూసొచ్చారు. ఆ మరుసటి ఎండాకాలంలో మా చిన్నాన్న కొడుకు ఒక లోతట్టు కాలనీలో ఇల్లు కొన్నాడు. వాడిది బెంగళూరులో ఉద్యోగం, రిటైరయ్యాక ఇక్కడే ఉండాలని కోరిక. ముప్పై ఏళ్ళ ఈసీ శుభ్రంగా ఉంది. లింకులు వరసగా ఉన్నాయి. గోడలకు కొత్త రంగు, కింద కొత్త టైల్స్. ఇంత బాగా పెట్టుకున్న ఇంటిని ఎందుకు అమ్ముతున్నాడా అని కూడా అనుకున్నాడట. గట్టి వాన పడిన రోజు మోరీ నీళ్ళు ఎదురుతన్ని వంటగదిలోకి వచ్చాయి. ఎదురింటి పెద్దమనిషి చూసి, “మీకు చెప్పలేదానా? ఆ పొద్దు మోకాలిదాకా నీళ్ళు గదా ఆ ఇంట్లో” అన్నాడు. వీధంతటికీ తెలుసు. బ్రోకరుకు తెలుసు. ఇల్లమ్మినాయన మంచం మీద మంచమేసుకుని ఆ రాత్రి గడిపాడట. ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే వీడు అడగలేదు.

లాయరు దగ్గరికి వెళ్తే ఆయన వేసిన మొదటి ప్రశ్న కూడా అదే. “వాన నీళ్ళు వస్తాయా అని నువ్వు అడిగినావా? ఆయన రావని చెప్పినాడా?” రెండింటికీ లేదనే జవాబు. ఆయన నిట్టూర్చి ఫైలు పక్కన పెట్టాడు.

ఆ నిట్టూర్పు వెనక ఉన్న చట్టం పాతది, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. దాని 55వ సెక్షన్ అమ్మేవాడి బాధ్యతలను వరసగా చెప్తుంది. ఆస్తిలో గానీ తన హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఏదైనా తనకు తెలిసి, కొనేవాడికి తెలియకపోతే అమ్మేవాడు దాన్ని బయటపెట్టాలి. దాచిపెడితే మోసం కిందే లెక్క. ఇంతవరకు వినడానికి బాగుంటుంది. కానీ అదే వాక్యంలో ఒక తోక ఉంది: మామూలు జాగ్రత్తతో కొనేవాడు కనుక్కోలేని లోపమై ఉండాలి. మా తమ్ముడి కేసులో అవతలి లాయరు ఏమంటాడో ఊహించడం కష్టం కాదు. వరద సంగతి అన్ని పేపర్లలోనూ వచ్చింది, పక్కింటివాళ్ళను ఒక్క మాట అడిగితే తెలిసేది, మామూలు జాగ్రత్త అంటే అదే కదా అంటాడు. జడ్జిగారు ఒప్పుకున్నా ఆశ్చర్యం లేదు.

పైగా కొనేవాడికి ఏమేం తెలిసినట్టు లెక్కో అదే చట్టంలోని 3వ సెక్షన్ చెప్తుంది. రిజిస్టరైన ప్రతి దస్తావేజూ మీరు చదవకపోయినా మీకు తెలిసినట్టే. ఇంట్లో వేరెవరైనా స్వాధీనంలో ఉంటే, వాళ్ళకున్న హక్కు ఏదైనా సరే అదీ మీకు తెలిసినట్టే. పై పోర్షన్‌లో అద్దెకున్నాయన నిజంగా అద్దెకున్నాడా, లేక పాత అగ్రిమెంటు మీద సగం డబ్బు కట్టి కూర్చున్నాడా అనేది మీరే అడిగి తెలుసుకోవాలి. తిరుపతిలో రెండు పోర్షన్లకు తక్కువైన ఇల్లు చూపించండి. అద్దెకున్నవాళ్ళను పలకరించి ఇల్లు కొన్నవాళ్ళను ఎంతమందిని చూశారు మీరు?

ఇక 1872 నాటి కాంట్రాక్టు చట్టం. నా వాదనకు ఆయువుపట్టు ఇక్కడుంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి. దాని 17వ సెక్షన్ ప్రకారం ఊరికే నోరు మూసుకుని ఉండటం మామూలుగా మోసం కాదు, చెప్పాల్సిన బాధ్యత ఉంటే తప్ప. 19వ సెక్షన్ ప్రకారం మోసపోయినవాడు ఒప్పందాన్ని రద్దు చేయించుకోవచ్చు. కానీ ఆ మోసం మౌనం వల్ల జరిగినదైతే, కొనేవాడు మామూలు శ్రద్ధతో నిజం కనుక్కోగలిగి ఉంటే, రద్దు కుదరదు. ఈ మినహాయింపు మౌనానికి వర్తిస్తుంది, తెలిసి ఆడిన అబద్ధానికి వర్తించదు. అంటే మీరు అడగనంత కాలం అమ్మేవాడి మౌనానికి చట్టం ఒక గొడుగు పట్టి ఉంచుతుంది. మీరు అడిగిన క్షణంలో ఆ గొడుగు పోతుంది. ఇప్పుడాయన నిజం చెప్పాలి, లేదా అబద్ధం చెప్పాలి, లేదా చెప్పనని అనాలి. మూడింట్లో ఏది జరిగినా మీ పరిస్థితి ఇంతకు ముందుకన్నా మెరుగే. పైగా 55వ సెక్షన్‌లోనే ఇంకో చిన్న మాట ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: ఆస్తి గురించి, హక్కు గురించి కొనేవాడు వేసే సంబంధిత ప్రశ్నలన్నింటికీ అమ్మేవాడు తనకు తెలిసినంతవరకు జవాబు చెప్పి తీరాలి. అడగడం మర్యాద కాదేమో అని మొహమాటపడే మనకు చట్టం ఆ హక్కు ఇచ్చి నూట నలభై ఏళ్ళు దాటింది.

“ఈసీలో అన్నీ ఉంటాయి కదా సార్” అని లోనుకు వచ్చినవాళ్ళు నాతో అనేవాళ్ళు. ఈసీలో ఉండేది రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. రిజిస్టరు కాని వీలునామా ఉండదు. అన్నదమ్ములు పెద్దల ముందు నోటిమాటగా పంచుకున్న సంగతి ఉండదు. తెల్ల కాగితం మీద రాసుకున్న పాత అగ్రిమెంటు ఉండదు. 1983కు ముందరి సంగతులు ఆన్‌లైన్‌లో దొరకవు, ఆఫీసులో పాత ఇండెక్సులు వెతికించాలి. పాత డోర్ నంబరుకూ కొత్త డోర్ నంబరుకూ లంకె కుదరక, ఉన్న తనఖా కూడా కనిపించకుండా తెల్లగా వచ్చిన ఈసీలు నేనే చూశాను. ఇవన్నీ ఒక ఎత్తు, కోర్టు కేసు ఒక ఎత్తు. ఆస్తి మీద దావా నడుస్తుండగా కొంటే, కొన్నవాడికి ఆ దావా సంగతి తెలిసినా తెలియకపోయినా తీర్పుకు కట్టుబడాల్సిందే. అది ఆ 1882 చట్టంలోని 52వ సెక్షన్. మహారాష్ట్ర, గుజరాత్‌లలో దావా నోటీసును రిజిస్టరు చేయించే పద్ధతి ఉంది. మనకు లేదు. దావా ఈసీకి ఎక్కదు. ఈ-కోర్ట్స్ సైట్‌లో అమ్మేవాడి పేరు, వాళ్ళ నాన్న పేరు కొట్టి చూడొచ్చు, చూడాలి కూడా. కానీ మన ఇంటిపేర్లు, ఇంగ్లీషు స్పెల్లింగులు ఎన్ని రకాలో మీకు తెలుసు. కేసు ఉందో లేదో ఖాయంగా చెప్పగలిగింది సమన్లు అందుకున్న మనిషే.

ఆడపిల్లల సంగతి మరీ ఘోరం. “అక్కకు పెళ్ళప్పుడే పసుపు కుంకుమ కింద ఇచ్చేసినాం” అనే మాట నేను విన్నన్ని సార్లు ఇంకే మాటా వినలేదేమో. నాన్న సొంత సంపాదనతో కట్టిన ఇల్లయితే, ఆయన వీలునామా రాయకుండా పోతే, కూతుళ్ళకూ భార్యకూ కొడుకులతో సమానంగా వాటా ఉంది, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం నుంచీ. పిత్రార్జితమైతే మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళి కాని కూతుళ్ళకు, 2005 సవరణతో అందరు కూతుళ్ళకు హక్కు వచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అమ్మేవాడు తెచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఇద్దరు కొడుకుల పేర్లే ఉండొచ్చు. పుత్తూరులో కాపురముంటున్న అక్క సంగతి లాయరుకు ఎవరు చెప్పాలి? “మీ నాన్నగారికి పిల్లలు ఎంతమంది, అందరూ ఎక్కడున్నారు” అని అడిగితే చాలు, జవాబు రాని చోట ఆగిపోవచ్చు.

ఊరి చుట్టుపక్కల ఖాళీ స్థలాలైతే ఇంకో రకం చిక్కు. తిరుపతి చుట్టూ నేల మామూలు నేల కాదు. దేవస్థానం భూములు, హథీరాంజీ మఠం భూములు, చెరువు పోరంబోకులు, వాగు పోరంబోకులు, డీకేటీ పట్టాలు, జమీందారీ ఎస్టేట్ల కాలం నుంచి తెగని వివాదాలు, ఇవన్నీ పట్టా భూములతో ముడిపడిపోయి ఉంటాయి. మఠాల, దేవాలయాల భూమి అమ్మాలంటే 1987 నాటి దేవాదాయ చట్టం 80వ సెక్షన్ ప్రకారం ముందుగా కమిషనర్ అనుమతి కావాలి. పేదలకు సర్కారు ఇచ్చిన డీకేటీ భూమి అమ్మకం 1977 చట్టం కింద చెల్లదు. పట్టా ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటితే అసలు పట్టాదారులు అమ్ముకోవచ్చని 2023లో సడలింపు ఇచ్చారు, దాని మీద మళ్ళీ ఎన్నో గొడవలు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద రిజిస్టరు చేయకూడని భూముల నిషేధిత జాబితా ఉంది, సర్వే నంబరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. సర్కారు వారి మీభూమి సైట్‌లో 1బీ, అడంగల్ అనే భూమి రికార్డులు కూడా చూసుకోవచ్చు. చూడండి. కానీ కాగితంలోని సర్వే నంబరు ఒకటి, మీకు చూపించిన రాళ్ళు పాతిన స్థలం ఇంకొకటి అయితే ఆ జాబితా ఏం చేస్తుంది? ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) పట్టుకుని సర్వేయరు గొలుసు వేస్తే తప్ప తేలదు. ఏ గట్టు దగ్గర తన భూమి ఆగిపోయి వాగు మొదలవుతుందో అమ్మేవాడికి మాత్రం కళ్ళు మూసుకున్నా తెలుసు. కొలత కూడా అడగండి. మన దగ్గర అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరోళ్ళకు 72. అంకణాల్లో బేరమాడుకుని గజాల్లో రిజిస్టరు చేసుకునేటప్పుడు ఎవరి అంకణమో తేల్చుకోకపోతే నవ్వులపాలే.

రిజిస్ట్రేషన్ అయిపోయింది కాబట్టి గవర్నమెంటు ఒప్పుకున్నట్టే అనుకోవడం ఇంకో భ్రమ. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి ఏడున్నర శాతం కట్టి బయటికొచ్చేసరికి ఆ ధీమా రావడం సహజమే. సబ్ రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజును, హక్కును కాదు. తమిళనాడులో అమ్మేవాడి హక్కు చూశాకే రిజిస్టరు చేయాలని పెట్టిన ఒక నియమాన్ని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. హక్కు ఉందో లేదో చూడటం రిజిస్ట్రారు పని కాదని స్పష్టంగా చెప్పింది. హక్కుకే సర్కారు పూచీ పడే పద్ధతి తెస్తామని మన రాష్ట్రంలో ఒక టైట్లింగ్ చట్టం తెచ్చారు, ఎన్నికల్లో దాని మీద ఎంత రచ్చ జరిగిందో చూశాం, 2024లో రద్దయింది. దాని మంచిచెడ్డలు వేరే సంగతి. ప్రస్తుతానికి మీ హక్కుకు పూచీ పడేవాడు ఎవరయ్యా అంటే అమ్మినాయనే, ఆయన ఎంతవరకు పలికితే అంతవరకు.

బ్యాంకు సంగతి లోపల కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్పగలను. ప్యానెల్ లాయరు ఇచ్చే లీగల్ ఒపీనియన్ మొదటి పేజీలోనే ఉంటుంది, “నా ముందుంచిన పత్రాలను బట్టి” అని. ముందుంచని పత్రం గురించి ఆయనకు తెలీదు, తెలుసుకోవడం ఆయన పని కాదు. బ్యాంకుకు ఇల్లొక్కటే ఆధారం కాదు. మీ జీతం ఉంది, మీ సంతకం ఉంది, అవసరమైతే జామీను ఉంది. ఇల్లు పోయినా కిస్తీ మీరు కట్టాల్సిందే. లోను వచ్చిందంటే ఇల్లు మంచిదని సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు.

“అన్ని పూచీలూ దస్తావేజులోనే రాస్తారు కదా” అంటారు. రాస్తారు, నాకు కంఠతా వచ్చు. “సదరు ఆస్తిపై ఎట్టి తనఖాలు, జప్తులు, కోర్టు తగాదాలు లేవనియు, ఏవైనా బయల్పడిన యెడల మా స్వంత ఖర్చులతో పరిష్కరించి ఇవ్వగలవారమనియు...” ఈ వాక్యం రేణిగుంటలో గోడౌన్‌కూ అదే, చంద్రగిరిలో మామిడి తోటకూ అదే. డాక్యుమెంట్ రైటరు కంప్యూటర్లో ముందే ఉంటుంది, పేర్లు మార్చుతాడు. చాలామంది అమ్మేవాళ్ళు దాన్ని చదవకుండానే వేలిముద్ర వేసి ఫోటోకు నిలబడతారు. వాళ్ళ ఇంటి గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. అంతకన్నా ముఖ్యం, అది మీ కంటబడేసరికి డబ్బంతా వెళ్ళిపోయి ఉంటుంది. ఇంకో వాక్యం కూడా తరచు దూరుతుంది, దాన్ని మాత్రం భూతద్దం పెట్టి వెతకండి: “కొనుగోలుదారు ఆస్తిని, రికార్డులను స్వయముగా పరిశీలించుకొని తృప్తి చెందినందున” అనేది. 55వ సెక్షన్ మొదలయ్యేదే ‘వేరే ఒప్పందం లేనప్పుడు’ అనే మాటతో. రేపు కోర్టులో అవతలివాళ్ళు మొట్టమొదట చదివి వినిపించేది మీరు సంతకం పెట్టిన ఈ వాక్యమే. తీసేయమనండి. తీయనంటే “అమ్మకందారు ఫలానా తేదీన రాసిచ్చిన వివరాలను నమ్మి” అనే మాట దాని పక్కన చేర్పించండి.

ఇదంతా కొనేవాళ్ళ పక్షాన నిలబడి చెప్పే నీతులని అనుకోకండి. నాన్న పోయాక మా ఇల్లు అమ్మినప్పుడు నేనే అమ్మేవాణ్ణి. అమ్మ, చెల్లెలు, నేను కూర్చుని ఒక కాగితం రాశాం. వరదప్పుడు నీళ్ళు రెండో మెట్టుదాకా వచ్చాయి, లోపలికి రాలేదు. పైన వెనక గదికి ప్లాను లేదు, నాన్న తర్వాత వేయించాడు. బోరు ఏప్రిల్, మే నెలల్లో అందదు, ట్యాంకరు తెప్పించుకోవాలి. తూర్పు గోడ పక్కింటాయనదీ మాదీ కలిపి, దానికి కాగితం లేదు. చెల్లెలు కూడా సంతకం పెడుతుంది. బ్రోకరు ఆ కాగితం చూసి, “ఏం సార్, కొనేవాళ్ళను తరిమేదానికి రాసినారా దీన్ని?” అన్నాడు. ఆయన మాట కొంత నిజమే అయింది. మొదట వచ్చినాయన కాగితం చదివి, ఫోన్ చేస్తానని వెళ్ళి చేయలేదు. తర్వాత వచ్చిన దంపతులు ఇద్దరూ టీచర్లు. ప్లాను లేని గది విలువ తగ్గించమన్నారు, తగ్గించాం. నిజానికి ఆ గది విషయంలో చెల్లెలికీ నాకూ కాస్త వాదన కూడా జరిగింది, అంత తగ్గించాలా అని. ఆ తర్వాత వాళ్ళు రూపాయి బేరమాడలేదు. వాళ్ళకు గోడతో ఏమైనా తంటా వచ్చిందో లేదో నాకు తెలీదు. మాకు మాత్రం ఫోన్ రాలేదు. చెప్పి అమ్మినదాని గురించి అమ్మినవాణ్ణి నిలదీయడానికి ఏమీ మిగలదు, అందుకే ఈ కాగితం అమ్మేవాళ్ళకు కూడా రక్షణే అంటున్నాను.

బాధ్యత ఒకవైపే లేదు కూడా. అమ్మేవాడి హక్కు ఎంతటిదో అమ్మేవాడికే తెలియక, కొనేవాడికి తెలిసి, దాని వల్ల ఆస్తి విలువ పెరుగుతుందంటే, ఆ సంగతి కొనేవాడు చెప్పాలని అదే 55వ సెక్షన్ అంటుంది. బతికున్నంత కాలం అనుభవించే హక్కే తనకుందనుకునే ముసలమ్మ దగ్గర, చట్టప్రకారం ఆమెకు పూర్తి హక్కు ఉందని తెలిసీ చౌకగా కొట్టేసేవాళ్ళు మన జిల్లాలో లేరా?

కొత్త ఫ్లాట్ల విషయంలో పరిస్థితి కొంత నయం. 2016 నాటి రెరా చట్టం వచ్చాక, 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టులకు బిల్డరు వివరాలన్నీ ముందే పెట్టాలి, రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా పది శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు, కట్టడంలో లోపాలకు ఐదేళ్ళు జవాబుదారీ. హక్కులో లోపముంటే నష్టపరిహారానికి కాలపరిమితి కూడా లేదు. అదే ఫ్లాటును మొదట కొన్నాయన పదేళ్ళ తర్వాత మీకు అమ్మితే వీటిలో ఏదీ ఆయన మీద పనిచేయదు. మన ఊళ్ళో చేతులు మారే ఇళ్ళలో పాతవే ఎక్కువ కదా, అక్కడ ఉన్న కవచమల్లా ఆ 1872, 1882 నాటి పాత చట్టాలే.

నా మాటకు ఎదురయ్యే అభ్యంతరాల్లో గట్టిది ఇది: ఇట్లా ప్రశ్నలు వేస్తూ కూర్చుంటే ఇల్లు ఇంకెవరో ఎగరేసుకుపోతారు. నిజమే, కొన్నిసార్లు పోతుంది. మంచి ఇల్లు చేజారిన బాధ కూడా నిజమే. కానీ జవాబు రాసివ్వనన్నాడు కాబట్టి చేజారిన ఇల్లు మంచిదో కాదో మీకెట్లా తెలుసు? రెండోది మొహమాటం. “ఏందబ్బా, మా మీద నమ్మకం లేదా” అంటారు అమ్మేవాళ్ళు, ముఖ్యంగా చుట్టరికం ఉంటే. దీనికి నేను చెప్పే ఉపాయం పిరికిదే గానీ పనిచేస్తుంది: లాయరు అడగమన్నాడని లాయరు మీదికి తోసేయండి. మూడోది, అబద్ధం రాసిస్తే ఏం చేస్తావు అనేది. నిజమే, కోర్టుకెళ్తే ఏళ్ళు పడుతుంది, ఆ మాట దాచను. బ్లాక్‌లో ఇచ్చిన డబ్బుకైతే కోర్టులో రుజువే దొరకదు. అందుకే ఈ కాగితం అసలు ఉపయోగం కోర్టులో కంటే ముందే ఉంది. నోటితో తల ఊపేసే మనిషి పెన్ను పట్టుకునేసరికి ఆగిపోవడం లోన్ల సీటులో నేను ఎన్నోసార్లు చూశాను. “అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తారు సార్” అని గంటసేపు చెప్పినాయన, రాసివ్వండి అంటే “ఒకసారి మా బావమరిదితో మాట్లాడి వస్తాను” అని లేచేవాడు. ఆ లేవడంలోనే మీకు కావలసిన సమాచారం సగం ఉంటుంది.

ఏం అడగాలనేదానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. ఇంటి మీద గానీ మీ మీద గానీ కోర్టు కేసు, నోటీసు ఏదైనా ఉందా, ఎప్పుడైనా ఉండేదా? వారసులు ఎవరెవరు, సంతకం పెట్టనివాళ్ళు ఎవరు, ఎందుకు? ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయి? ఇంకెవరి దగ్గరైనా అడ్వాన్స్ తీసుకున్నారా? ప్లానుకు మించి ఏం కట్టారు, మున్సిపాలిటీ వాళ్ళు నోటీసు ఏమైనా ఇచ్చారా? నీళ్ళు ఎప్పుడైనా లోపలికొచ్చాయా, స్లాబు ఎక్కడైనా కారుతుందా, బోరు ఎన్ని అడుగులు, ఎండాకాలం అందుతుందా? హద్దుల మీద ఎవరితోనైనా మాటామాటా వచ్చిందా? వీటికి స్టాంపు పేపరు కూడా వద్దు, అగ్రిమెంటుకు వెనక జతచేసి ప్రతి పేజీలో ఇద్దరూ సంతకం పెడితే చాలు. “నాకు తెలీదు” అని రాసినా పర్వాలేదు. తెలీదని రాసిన చోట మీరు సొంతంగా విచారించుకుంటారు, శ్రద్ధ ఎక్కడ పెట్టాలో అదే చూపిస్తుంది.

సర్కారు తలుచుకుంటే ఇది ఒక్క జీవోతో అందరికీ అలవాటవుతుంది. ఇప్పుడు కూడా ఇంటి దస్తావేజుతో పాటు ఒక వివరాల పత్రం జతచేస్తాం: స్లాబా రేకులా, ఎన్ని అంతస్తులు, ఎన్ని చదరపు అడుగులు, ఎప్పుడు కట్టారు అని. అవన్నీ డ్యూటీ లెక్కకట్టుకోవడానికి సర్కారుకు కావలసిన ప్రశ్నలు. సర్కారు తన ఏడున్నర శాతం కోసం అన్ని ప్రశ్నలు వేసుకుంటున్నప్పుడు, మిగతా డబ్బంతా పెట్టేవాడి కోసం ఇంకో పేజీ చేర్చి అమ్మేవాడి చేత నింపించడానికి అడ్డమేమిటో నాకు అర్థం కాదు. అది వచ్చేదాకా ఆ పేజీని మనమే టైపు చేయించుకోవాలి.